బేలం కంటే ముందు మన గుట్ట

సంచికకు ఏమన్న రాస్తనంటే మా 2004 బ్యాచ్ వాళ్లందరు బేలం గుహల టూర్ గురించే రాయమన్నరు, ఫొటోలు అక్కడివే ఉన్నయి గాబట్టి. నాకు మాత్రం అంతకంటే ముందు ఊరి వెనక గుట్ట మీద సైన్స్ సారు చేయించిన పనే ఎక్కువ యాదికుంది, అది లేకుంటే బేలంల మేం కూడ కేకలు పెట్టి, అవి మళ్ల వినపడితే నవ్వుకుని వచ్చెటోళ్లమే.

మన పాలమూరు దిక్కు గుట్టలంటే గ్రానైటు గుండ్లే. వాటి నడుమ సందునే మనం గవి అంటం. నీళ్లు కరిగించి చేసిన గుహ కాదది, బండ పగుళ్ల పొంటి ఎండకు వానకు అరిగి అరిగి, గుండ్లు ఒకదాని మీదొకటి ఆగినంక మిగిలిన జాగ. సారు ఇది ఉత్త నోటితోని చెప్పలే. ల్యాబ్‌లకెళ్లి పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ తెచ్చి గుండు మీద ఒక చుక్క వేసిన్రు, ఏం కాలే. బడికొచ్చి వరండాల షాబాద్ బండ మీద వేస్తే బుస్సుమని నురగొచ్చింది, అది సున్నపురాయి గాబట్టి. హెడ్మాస్టర్ సారు చూసుంటే ఏమంటుండెనో!

తర్వాత గవిని కొలుసుడు. ఒకరు టేపు మొదలు, ఒకరు కొస, ఒకరు దిక్సూచి, ఒకరు రాసుకునుడు. ఏటవాలు చూడనీకి జామెట్రీ బాక్సుల కోణమానినికి దారం కట్టి కింద నట్టు వేలాడదీసినం, ఏటవాలుగ పట్టిన టేపు పొడుగును చదును పొడుగు చేయాలంటే కాస్ తీటాతోని గుణించాలె, లెక్కల సారు చెప్పిన త్రికోణమితి దేనికి పనికొస్తదో ఆ పొద్దే తెలిసింది. ఆగిన ప్రతి జాగల ఎడమకు, కుడికి, పైకి, కిందికి ఎంతెంతుందో రాయాలె. లోపటి మూలకు గబ్బిలాలుండె, పగటిపూట వాటిని లేపొద్దని అటు పోనియ్యలే, టార్చి కూడ కొట్టనియ్యలే, ఆ మూల కాయితం మీద చుక్కల గీతతోనే ఆపేసినం. ఏదుపంది ముల్లు దొరికితే ఎక్కడుందో రాసుకుని అక్కడనే వదిలేయమన్నరు, మావోడొకడు జేబుల వేసుకున్నడు, అది వేరే సంగతి.

బేలంకు అలంపూర్ చౌరస్తా, కర్నూలు, బనగానపల్లె మీదికెళ్లి పోయినం. తొవ్వ పొంటి నాపరాళ్ల కుప్పలే. అక్కడ పైన చూస్తే చదును నేల, బావి లెక్క గుంతలకెళ్లి దిగాలె. వాన నీళ్లు గాలిలది, మట్టిలది కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని కొంచెం ఆమ్లమై, పగుళ్లల్ల దిగి రాయిని కరిగిస్తే అయిన దారులు. 1884ల రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాసిపెట్టిండు, 1982, 83లల్ల డేనియల్ గెబౌర్ అనే జర్మన్ ఆయన టీంతోని వచ్చి లోపల కొలిసిండు. మొత్తం 3,229 మీటర్లు. మేం ఒక్క సందు కొలిసి అలిసినోళ్లం గాబట్టి ఆ అంకె వెనక ఎంత పాకుడుందో జర సమజైంది, ఆ ఉక్కల!

గైడు కోటిలింగాలు, వేయి పడగలు, ఊడలమర్రి అని చూపిస్తనే ఉన్నడు. సారేమో పేరు తర్వాత రాసుకోండి, ముందు పైనుంచి దిగిందా కిందినుంచి లేసిందా, తడిగుందా పొడిగుందా, రంగేంది, అది రాయండి అన్నరు. కారే నీళ్లలకెళ్లి ఆ కార్బన్ డయాక్సైడ్ గ్యాసు పోంగనే కరిగిన సున్నం గట్టిపడి పొర మీద పొర కడతది, చేతి జిడ్డు తగిలితే ఆ పెరుగుడు చెడుతదని ముట్టనియ్యలే. నిజం చెప్పాలంటే నాకు గైడు పేర్లే నచ్చినయి, కోటిలింగాల ముంగట నిలబడి 'సున్నపు నిక్షేపం, పొడి' అని రాయనీకి చెయ్యి రాలే.

బేలం మ్యాపు కావాలంటే ఇప్పుడు నెట్‌ల దొరుకుతది. మన గవి మ్యాపు మేం గీసిందొక్కటే. గ్రాఫ్ కాయితాలు అంటించి చేసిన ఆ చార్టు సైన్స్ ఫెయిర్ అయినంక ఎవరింటికి పోయిందో తెల్వది. గుట్ట పడమటి దిక్కు క్రషర్‌కు పోయింది, గవి దిక్కు ఇంక ఉంది. చార్టు ఎవరి దగ్గరున్నా ఫొటో తీసి గ్రూపుల పెట్టండి, సంక్రాంతికి అందరం ఊర్లనే ఉంటం గదా, టేపు నేను తెస్త.