మలక్‌పేట రేసులు: టికెట్ కొనే ముందు

రేస్‌బుక్‌లో గుర్రం గత మూడు పరుగుల దూరం, మోసిన బరువు చూసుకుంటే సరిపోదు. రేసుకు ముందు గుర్రాలను నడిపించే ప్యాడక్ దగ్గర నిలబడి గుర్రాన్ని కళ్లారా చూడాలి. వెనక కాళ్ల మధ్య తెల్లగా నురగ కట్టి, తల విసురుతూ ఉంటే పరుగుకు ముందే దాని ఓపిక ఖర్చయిపోతోందన్నమాట. ఉక్కపోత రోజున కాస్త చెమట మాత్రం మామూలే.

పందెం కట్టించుకునే బుకీ కార్డు మీద రాసిచ్చిన ఆడ్స్ (గెలిస్తే ఎంత వస్తుందన్న లెక్క) అలాగే ఉంటాయి. అందరి పందెం డబ్బూ కలిపి గెలిచినవాళ్లకు పంచే టోట్‌లోవి కౌంటర్ మూసేదాకా మారుతూనే ఉంటాయి. నాలుగు గుర్రాలతో క్వినెల్లా (మొదటి రెండు స్థానాల గుర్రాలను ఏ వరసలోనైనా చెప్పడం) ఆడితే 6 జతలు. అవే నాలుగింటినీ టనాలాలో (మొదటి మూడింటినీ సరైన వరసలో చెప్పడం) అన్ని వరసల్లో కలిపితే 24. యూనిట్‌కు 10 రూపాయలనుకున్నా 240. కొత్తవాళ్ల జేబు ఖాళీ అయ్యేది ఇక్కడే. దానికన్నా, గుర్రం గెలవకపోయినా ముందు స్థానాల్లో వస్తే చాలనే ప్లేస్ టికెట్ ఎంతో నయం.

జాకీ అభ్యంతరం పెడితే ఫలితం తారుమారు కావచ్చు. ఫలితం ఖాయమని ‘ఆల్ క్లియర్’ అనేదాకా టికెట్ చింపకండి.