అంత పెద్ద తెర మీద ఒక ఫొటో

2023 జూన్ 17 శనివారం రాత్రి, లండన్‌లోని ట్వికెనమ్ స్టేడియంలో డెపెష్ మోడ్ అనే ఇంగ్లిష్ సంగీత బృందం కచేరీ చూసి ఇంటికి వచ్చే రైల్లో పదిహేనేళ్ళ మా అమ్మాయి కిటికీ అద్దంవైపు చూస్తూ ఒక మాట అంది. "అమ్మా, వాళ్ళు చనిపోయినాయన ఫొటో అంత పెద్ద తెర మీద పెట్టి, అందరి ముందూ పాట పాడారు. మనం తాతయ్య ఫొటో బీరువాలో పెట్టాం." ఆ మాటలో నిష్ఠూరం లేదు. చూసింది చూసినట్టు చెప్పింది, అంతే. అందుకే నాకు అప్పటికప్పుడు జవాబు దొరకలేదు. లివర్‌పూల్ స్ట్రీట్‌లో రైలు మారి చెల్మ్స్‌ఫర్డ్ చేరేదాకా ఇద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు.

అసలు ఆ కచేరీకి వెళ్ళడమే నాకు ఇష్టం లేదు. అదే రోజు మా తెలుగు సంఘంలో పిల్లల కార్యక్రమం ఉంది. పోతన భాగవతంలోని పద్యం ఒకటి చదవాలని ఆమెకు రెండు నెలల ముందే చెప్పి, రోజూ రాత్రి కూర్చోబెట్టి నేర్పించాను. పద్యం నోటికి వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే పక్కింటామె తాను వెళ్ళలేకపోతున్నానని డెపెష్ మోడ్ కచేరీ టికెట్లు రెండు తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమే మా అమ్మాయి పద్యం చదవనని తేల్చి చెప్పేసింది. ఆ బృందం చరిత్రను నేను చదవడం మొదలుపెట్టింది వద్దనడానికి కారణాలు వెతుక్కోవడం కోసమేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కారణాలు దొరికాయి. గాయకుడు డేవ్ గాన్ 1996లో లాస్ ఏంజెలెస్‌లో మత్తుమందు మోతాదు మించి, రెండు నిమిషాలపాటు గుండె ఆగిపోయి, తిరిగి బతికినవాడు. ఇలాంటివాళ్ళ పాటల కోసం పద్యం మానుకుంటావా అని అడిగాను. "ఆయనకిప్పుడు అరవై ఒక్కేళ్ళమ్మా. ఇంకా పాడుతున్నాడు" అంది. నేనూ వెంట వస్తానన్న షరతు మీద ఒప్పుకున్నాను.

వద్దనడానికి మొదలుపెట్టిన చదువు, ఒప్పుకున్న తరువాత కూడా ఆగలేదు. మేముండే చోటికి కారులో అరగంట దూరంలోని బాజిల్డన్ వాళ్ళ ఊరు. లండన్ తూర్పు పేటల్లో ఇరుకిళ్ళలో ఉండేవారిని తరలించడానికి యుద్ధం తరువాత, 1949లో నిర్ణయించి కట్టిన కొత్త పట్టణమది. పక్కింటామె పెరిగిందీ అక్కడే. అంటే ఆ పిల్లలందరూ, మా పిల్లల్లాగే, ఎక్కడినుంచో వచ్చి స్థిరపడినవారి బిడ్డలు. 1980లో విన్స్ క్లార్క్, మార్టిన్ గోర్, ఆండీ ఫ్లెచర్, డేవ్ గాన్ అనే నలుగురు కుర్రవాళ్ళు గిటార్లను పక్కన పెట్టి, యంత్రంతో ధ్వని పుట్టించే సింథసైజర్లు పట్టుకున్నారు. అప్పటికి గోర్‌ది బ్యాంకు ఉద్యోగం, ఫ్లెచర్‌ది బీమా కంపెనీలో ఉద్యోగం. 1981లో మొదటి పాటలు ప్రజల్లోకి వెళ్ళాక ఇద్దరూ ఆ ఉద్యోగాలు వదులుకున్నారు. పాటల కోసం బ్యాంకు ఉద్యోగం మానేసిన పిల్లవాడి తల్లి ఆ రోజు రాత్రి ఏమనుకుని ఉంటుందోనని నేను చాలాసేపు ఆలోచించాను. ఆ కాలంలో వాళ్ళు టీవీ కార్యక్రమానికి కూడా సింథసైజర్లు చంకన పెట్టుకుని రైల్లోనే వెళ్ళేవారట.

ఆ ఏడాది చివరికే, పాటలు రాసే క్లార్క్ బృందాన్ని వదిలి వెళ్ళిపోయాడు. ఇక వీళ్ళ పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. రాయడం గోర్ తలకెత్తుకున్నాడు; 1982లో ఆలన్ వైల్డర్ వచ్చి చేరాడు. వేదిక మీద డ్రమ్ము వాయించేవాడు లేకుండా, ఆ దరువును టేపు మీద వినిపిస్తూ పాడే బృందాన్ని సంగీత విమర్శకులు లెక్కచేయలేదు. యంత్రాలకు ప్రాణం ఉండదని అన్నారు. అదే బృందం 1988 మార్చి 7న తూర్పు బెర్లిన్‌లో, గోడకు అవతలివైపున పాడింది. ఆ ఏడాదే జూన్ 18న, కాలిఫోర్నియాలోని పాసడీనాలో, రోజ్ బౌల్ స్టేడియంలో 60,000 మందికి పైగా వచ్చారు. ఊరూరా తిరుగుతూ కచేరీలు చేసిన ఆ యాత్రలో అది 101వది, చివరిది కూడా. అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు డి. ఎ. పెన్నెబేకర్ దాన్ని చిత్రంగా తీశాడు. గాన్ రెండు చేతులూ తలపైకెత్తి అటూ ఇటూ ఊపితే, స్టేడియం మొత్తం అతనితో కలిసి ఊగే దృశ్యం అందులో ఉంది. కోతకు ముందు మా తణుకు వైపు వరిచేను గాలికి ఒరిగి లేచినట్టే అనిపించింది నాకు. ట్వికెనమ్‌లో, ఒక్క రోజు తక్కువగా ముప్పై అయిదేళ్ళ తరువాత, మా అమ్మాయి చేతులు కూడా ఆ చేలో ఉన్నాయి.

చదివినకొద్దీ నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నవాడు ఆండీ ఫ్లెచర్. పాటలు రాసింది అతను కాదు, పాడింది అతను కాదు. బృందంలో మంచి వాద్యకారుడు వైల్డర్ అని, తాను మాత్రం ఊరికే తిరుగుతుంటానని పెన్నెబేకర్ చిత్రంలో స్వయంగా అతనే చెప్పాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, కీబోర్డు వెనక నిలబడి, చాలాసార్లు చప్పట్లు కొడుతూ కనిపించే మనిషి. కానీ తొలి ఏళ్ళలో లెక్కలూ వ్యవహారాలూ అతనివే. మాటలు తక్కువైన గోర్‌కూ గాన్‌కూ మధ్య అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసిందీ అతనే. 1994లో, నెలల తరబడి సాగిన యాత్ర మధ్యలో మనసు కుంగి ఇంటికి వెళ్ళిపోయినా, మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. 1995లో వైల్డర్ వెళ్ళిపోయాక మిగిలిన ముగ్గురిలో ఒకడయ్యాడు. 2022 మే 26న, అరవై ఏళ్ళ వయసులో, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం చీలి హఠాత్తుగా పోయాడు. కొత్త ఆల్బమ్ రికార్డింగు అప్పటికి ఇంకా మొదలు కాలేదు. మృత్యువును గుర్తుంచుకో అని అర్థమిచ్చే 'మెమెంటో మోరి' అన్న పేరును అతను పోకముందే అనుకున్నారు. అందులోని పాటలు మాత్రం అతను వినలేదు.

మా నాన్న కూడా అలాంటి మనిషే. ఆయన పేరు మీద పెద్ద పనులేవీ లేవు. పెదనాన్నకూ బాబాయికీ గట్టు దగ్గర మాట పెరిగినప్పుడల్లా, సాయంత్రం అరుగు మీద మధ్యలో కూర్చుని, ఇద్దరికీ టీ తెప్పించి, ఏమీ జరగనట్టే వర్షం గురించి మాట్లాడేవారు. గోర్, గాన్ ఆ మధ్యమనిషి పోయాక నేరుగా మాట్లాడుకోవడం నేర్చుకుని మునుపటికన్నా దగ్గరయ్యామని చెప్పారు. మా నాన్న పోయాక పెదనాన్న, బాబాయి ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

ఆయన 2021 మే నెలలో, కోవిడ్ రెండో ఉధృతిలో పోయారు. ఏప్రిల్ 23 నుంచే భారతదేశాన్ని బ్రిటన్ ఎర్ర జాబితాలో పెట్టింది. నేను వెళ్ళలేదు. వెళ్ళడం అసాధ్యమేమీ కాదు, తిరిగి వచ్చాక పది రోజులు హోటల్లో ఉండాలని, పిల్లల బడి అని, ఉద్యోగమని లెక్కలు వేసుకుని ఆగిపోయాను. పడకగది తలుపు వేసుకుని, దహనమూ పెద్దకర్మా ఫోన్ తెరలో చూశాను. అప్పుడు పదమూడేళ్ళ మా అమ్మాయి తలుపు తట్టి, "తాతయ్యను నేనూ చూడొచ్చా?" అని అడిగింది. చదువుకోమని పంపించేశాను. దండ వేసిన ఫొటో ఊరినుంచి వచ్చాక గోడకు తగిలించి, వారం తరువాత నేనే తీసేశాను. చూసినప్పుడల్లా పిల్లలు బెంగపడతారని ఇంట్లో చెప్పాను. చూడలేకపోయినది నేను.

ఆ బృందంలోని ఇద్దరి బాల్యం గురించి చదివినప్పుడు కూడా నా చేయి ఆ బీరువా తలుపు మీదికే వెళ్ళింది. తండ్రి అనుకున్నవాడు చనిపోయాక, అసలు తండ్రి వేరే ఉన్నాడని గాన్‌కు చిన్నతనంలోనే తెలిసింది. కన్నతండ్రి బ్రిటన్‌లో పనిచేసిన ఆఫ్రికన్ అమెరికన్ సైనికుడని గోర్‌కు యుక్తవయసులో తెలిసింది. ఆ ఇళ్ళలోని పెద్దలు కూడా పిల్లల మంచికోసమే దాచి ఉంటారు. దాచినది పిల్లల నుంచి ఎక్కడికీ పోదని ఆ ఇద్దరి గొంతులు విన్నప్పుడు నాకు అనిపించింది.

ట్వికెనమ్‌లో వేదిక వెనక ఎం అనే అక్షరం ఇంటికన్నా ఎత్తుగా నిలబడి ఉంది. కచేరీ మధ్యలో, 1990 నాటి ఒక పాట వచ్చినప్పుడు, తెర మీద ఫ్లెచర్ ముఖం తెలుపు నలుపుల్లో మెల్లగా తేలింది. గాన్ ఏ ఉపన్యాసమూ చేయలేదు, పాట ఆపలేదు. నా ముందు వరుసలో అరవై దాటిన ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు; అతని కూతురు కాబోలు, భుజం మీద చేయి వేసింది. చివరి భాగంలో గాన్, గోర్ ఇద్దరే వేదిక కొసకు నడిచి వచ్చి ఒక నెమ్మదైన పాట పాడి, ఒకరినొకరు కౌగిలించుకున్నారు. మన దగ్గర పదకొండో రోజున, భోజనాలయ్యాక, ఇంటివాళ్ళంతా చాపల మీద కూర్చుని పోయినవారి మాటలు చెప్పుకుని ఏడ్చి, మధ్యలో నవ్వే ఘట్టం గుర్తొచ్చింది. మా పిల్లకు నేను దక్కకుండా చేసినది అదే. అది ఆమెకు దొరికింది స్టేడియంలో, తాతయ్య కాని మనిషి కోసం.

తోటి తల్లిదండ్రులకు ఇప్పుడేం చెప్పాలి? పిల్లలను దుఃఖానికి దూరంగా ఉంచవద్దని, వాళ్ళు ఇష్టపడే సంగీతాన్ని ఒకసారి పక్కన నిలబడి వినమని చెప్పాలనుకుంటూ ఈ వ్యాసం మొదలుపెట్టాను. అయితే ఆ మాట నా నోటినుంచి ఎంత నిలుస్తుందో తెలియదు. ఆ కచేరీ అయిన నాలుగు నెలలకే ఊళ్ళో మా మేనత్త పోయింది. ఫోన్ మోగగానే లేచి, పెరట్లోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడాను. అలవాటు నాకన్నా ముందు నడిచింది. లోపలినుంచి మా అమ్మాయి చూస్తూనే ఉంది. పద్యం విషయంలో కూడా నాకు ఇంకా మనసు కుదుటపడలేదు. ఆ రోజు వేదిక మీద ఆమె స్థానంలో ఇంకో పిల్ల పద్యం చదివిందట, చాలా బాగా చదివిందట. ఆ సంగతి విన్నప్పుడు నాకు బాధ కలిగింది. ఆ బాధ తప్పని నేను అనుకోవడం లేదు, రైల్లో ఆమె అన్న మాట తప్పని కూడా అనుకోవడం లేదు. రెండూ ఒకచోట ఎలా పెట్టుకోవాలో తెలియడం లేదు.

అమెరికాలోని సాక్రమెంటోలో 2023 మార్చిలో మొదలైన ఆ బృందం కచేరీల యాత్ర 2024 ఏప్రిల్ 8న జర్మనీలోని కొలోన్‌లో ముగిసింది. ఫొటో బీరువాలోంచి బయటికి వచ్చి హాలు గోడ మీద ఉంది. దాని కింద నిలబడి మా అమ్మాయి తాతయ్య గొంతు ఎలా ఉండేదని అడిగింది. నా పాత ఫోన్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి ఉంది, పదకొండు సెకన్లు. "ఎప్పుడొస్తున్నారమ్మా, పిల్లలు ఎలా ఉన్నారు" అని అడుగుతారు. నాకు ఆ మెసేజ్ వినే ధైర్యం ఇంతవరకు రాలేదు. ఆ మరుసటి నెలలో ఆమెకు, మన పదో తరగతి లాంటి జీసీఎస్ఈ పరీక్షలు. అవి అయిపోయాక వినిపిస్తానని చెప్పాను.