దిగుమతి కారుకు రెండో స్మార్ట్ కీ: ఇంట్లోనే నమోదు చేసుకునే పద్ధతి

జపాన్‌లో కొన్నేళ్లు తిరిగి, అక్కడి వేలంలో అమ్ముడుపోయి, ఓడెక్కి మరో దేశానికి చేరిన కారు చాలాసార్లు ఒకే ఒక్క స్మార్ట్ కీతో కొత్త యజమాని చేతికి వస్తుంది. నా మూడో తరం టయోటా ప్రియస్ కూడా అలాగే వచ్చింది. ఆ ఒక్క కీ చక్కగా పనిచేస్తున్నంత కాలం రెండోదాని అవసరం ఎవరికీ తట్టదు గానీ, రెండోది చేసుకోవలసిన సమయం సరిగ్గా అదే. పనిచేసే కీ ఒక్కటైనా చేతిలో ఉంటే కారు దాన్ని సాక్షిగా తీసుకుని కొత్తదాన్ని తన జాబితాలో చేర్చుకుంటుంది. అది కూడా పోయిందంటే ఇక తయారీదారు ఇచ్చే కోడ్ కోసం తిరగడం, సరైన కీ లేకుండా కారు స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్‌ను రీసెట్ చేయించడం, ఒక్కోసారి కారులోని కంప్యూటర్ పెట్టెలనే మార్చడం దాకా వ్యవహారం పోతుంది. అందుకని, మొదటి కీ ఇంకా బతికి ఉన్నవారి కోసమే ఇది రాస్తున్నాను.

ముందుగా ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఏముందో తెలిస్తే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది. మనం తలుపు పిడి మీద చేయి వేయగానే కారులోని యాంటెన్నాలు సుమారు 125 లేదా 134 కిలోహెర్ట్జ్ తక్కువ పౌనఃపున్యంలో ఒక పిలుపు పంపుతాయి. అది మీటరు దూరం దాటి పెద్దగా పోదు. ఆ పిలుపు అందుకున్న కీ నిద్ర లేచి, అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ పౌనఃపున్యంలో జవాబు చెబుతుంది. ఆ జవాబులోని గూఢలేఖనం సరిపోతేనే తలుపు తెరుచుకుంటుంది. వీటికి తోడు, బాగా దగ్గరికి తెస్తే కారుకు తన గుర్తింపు చెప్పే, బ్యాటరీ అక్కర్లేని ట్రాన్స్‌పాండర్ భాగం ఒకటి ఉంటుంది. కీలోని బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా, దాన్ని పవర్ బటన్‌కు ఆనించి పట్టుకుంటే కారు స్టార్ట్ అవడానికి కారణం ఇదే, ఎందుకంటే ఆ క్షణంలో దానికి కావలసిన శక్తి బటన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే అందుతుంది.

దిగుమతి కార్లతో చిక్కంతా ఆ జవాబు దగ్గరే వస్తుంది. జపాన్, ఉత్తర అమెరికా మార్కెట్ల కీలు 315 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో మాట్లాడితే, ఐరోపాతో పాటు చాలా దేశాలకు చేసినవి 433.92 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడతాయి. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి: అవే బటన్లు, అదే చిహ్నం, అదే పెంకు. పౌనఃపున్యం కలవని కీని పవర్ బటన్‌కు ఆనిస్తే ట్రాన్స్‌పాండర్ భాగం నమోదై కారు స్టార్ట్ అయ్యే అవకాశం కూడా ఉంది. కానీ జేబులో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడితే మాత్రం కారు పలకదు. అప్పుడు మనం నమోదు సరిగ్గా జరగలేదేమోనని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాం, తప్పేమో కొన్న వస్తువులో ఉంటుంది. కాబట్టి నా దృష్టిలో ఈ పనిలో ముప్పాతిక వంతు, ల్యాప్‌టాప్‌ను కారుకు కలిపే కేబుల్ చేతిలోకి తీసుకోకముందే, సరైన కీని గుర్తించడంలోనే ఉంది.

గుర్తించడానికి ఫొటోలు, కారు పేరు, తయారీ సంవత్సరం చాలవు. ఉన్న కీని విప్పి చూడాలి. లోపలి ఇనుప కీని బయటికి లాగి, ఆ గాడిలో సన్నని స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి నెమ్మదిగా తిప్పితే పెంకు రెండుగా విడిపోతుంది. నాణెం లాంటి బ్యాటరీని తీసి పక్కన పెట్టి, సర్క్యూట్ బోర్డును దీపం కింద కాస్త ఏటవాలుగా పట్టుకుంటే, రాగి గీతల మధ్య సన్నని అక్షరాల్లో అచ్చేసిన బోర్డు నంబరు కనబడుతుంది. టయోటా, లెక్సస్ కీలకు అసలైన గుర్తింపు ఇదే. కొత్తగా కొనే కీ బోర్డు మీదా అదే నంబరు ఉండాలి, లేదా ఆ నంబరుకు సరిపోతుందని అమ్మేవారు రాతపూర్వకంగా చెప్పాలి. వెనుక పెంకు మీద ఉండే ధ్రువీకరణ నంబరు ప్రసార పరికరం ఏదో చెబుతుంది గానీ, ఒకే ధ్రువీకరణ కింద వేర్వేరు బోర్డులు ఉండే సందర్భాలున్నాయి కాబట్టి దాన్ని మాత్రమే నమ్ముకోవడం మంచిది కాదు.

విడిభాగాల కౌంటర్‌లో మరో ఇబ్బంది ఎదురవుతుంది. అంతర్జాతీయంగా వాడే వాహన గుర్తింపు సంఖ్యలో 17 అక్షరాలుంటాయి. జపాన్ దేశీయ మార్కెట్ కోసం చేసిన కార్లకు అది ఉండదు. వాటికి మోడల్ సంకేతం, గీత, వరుస సంఖ్య కలిసిన ఛాసిస్ నంబరు ఉంటుంది. నా కారుది జెడ్‌వీడబ్ల్యూ30 అని మొదలవుతుంది. 17 పెట్టెలు నింపితేనే ముందుకు కదిలే కంప్యూటర్ ముందు కూర్చున్న ఉద్యోగి, ఇలాంటి కారే లేదని చెప్పడం సహజం. కారు మీద ఉండే ప్లేట్‌లోని ఛాసిస్ నంబరును, మోడల్ సంకేతాన్ని అలాగే పట్టుకుని జపాన్ విడిభాగాల జాబితాలో వెతికితే కీ పార్ట్ నంబరు దొరుకుతుంది.

పాత కీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. టయోటా స్మార్ట్ కీ ఒకసారి ఒక కారులో నమోదైతే ఆ కారు సమాచారం కీలో రాసి తాళం పడిపోతుంది. దాన్ని ప్రత్యేక పరికరంతో మళ్లీ ఖాళీ చేస్తే తప్ప మరో కారు స్వీకరించదు. చవకగా దొరికే సెకండ్ హ్యాండ్ కీ విషయంలో, అన్‌లాక్ చేసినదేనా అని అడగకుండా డబ్బు కట్టకూడదు. ఎక్స్‌హార్స్, కీడీఐవై, లోన్స్‌డార్ వంటి సంస్థలు పౌనఃపున్యాన్ని, బోర్డు రకాన్ని మనమే ఎంచుకునేలా చేసే యూనివర్సల్ కీలు అమ్ముతున్నాయి. జపాన్ కార్ల కీలు అరుదుగా దొరికే చోట ఇవి మంచి దారి. అయితే ఆ కీని ముందుగా సిద్ధం చేయడానికి ఆ సంస్థ పరికరమే కావాలి కాబట్టి, అంతవరకు తాళాలు చేసేవారి చేత చేయించుకుని నమోదు ఇంట్లో చేసుకోవచ్చు.

ల్యాప్‌టాప్ నుంచి కారు కంప్యూటర్లతో మాట్లాడి కీని నమోదు చేయడానికి నా ప్రియస్ లాంటి టయోటాలకు వాడే సాఫ్ట్‌వేర్ టెక్‌స్ట్రీమ్. దాన్ని సంస్థ చందా పద్ధతిలో ఇస్తుంది. చవక కేబుళ్లతో పాటు వచ్చే డిస్కుల్లోని కాపీల గురించి నా సలహా ఏమిటంటే, వాటిని బ్యాంకు పనులు చేసుకునే ల్యాప్‌టాప్‌లో ఎన్నడూ వేయకండి. మొదటిసారి తెరిచినప్పుడు అది ప్రాంతం అడుగుతుంది. అక్కడ జపాన్ ఎంచుకోకపోతే కారును తనంతట తాను గుర్తించలేక, మోడల్‌ను చేత్తో ఎంచుకోమని అడగడమో, అసలు స్మార్ట్ కీ మెనూనే చూపకపోవడమో జరుగుతుంది.

కారు బ్యాటరీ గురించి అశ్రద్ధ కూడదు. నమోదు జరుగుతున్నంత సేపు ఇంజిన్ నడవదు, కంప్యూటర్లన్నీ మేలుకుని 12 వోల్టుల బ్యాటరీని తాగుతూ ఉంటాయి. హైబ్రిడ్ కారులో ఆ బ్యాటరీ చిన్నది, తరచూ ముసలిది కూడా. సమాచారం రాసే మధ్యలో వోల్టేజీ పడిపోతే నమోదు సగంలో ఆగుతుంది. అందుకే చార్జర్ తగిలించి ఉంచుతాను. ల్యాప్‌టాప్‌లో నిద్రలోకి జారే అమరికను కూడా ఆపేస్తాను.

ఇక అసలు పని నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లోని మిగతా రేడియో కీలను దూరంగా ఉంచి, కేబుల్‌ను డాష్‌బోర్డు కింద, కారును పరీక్షించే పరికరాలు తగిలించడానికి ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కు తగిలించి, బ్రేకు తొక్కకుండా పవర్ బటన్‌ను రెండుసార్లు నొక్కితే మీటరు దీపాలు వెలుగుతాయి. టెక్‌స్ట్రీమ్‌లో స్మార్ట్ కీ విభాగానికి వెళ్లి కీ చేర్చే ఆదేశాన్ని ఎంచుకోవాలి. తొలగించే ఆదేశం దాని పక్కనే ఉంటుంది కాబట్టి ఇక్కడ ఒక్క క్షణం ఆగి చదవడం అవసరం. తెర అడగగానే పాత కీని చిహ్నం ఉన్న వైపు పవర్ బటన్‌కు ఆనించి పట్టుకుంటే లోపల బజర్ మోగుతుంది. పాత కీని వెంటనే వెనక్కి తీసి, గడువు తీరకముందే కొత్త కీని అదే విధంగా ఆనించాలి. గడువు సాధారణంగా అర నిమిషం లోపే, కాబట్టి కొత్త కీ మరో చేతిలో సిద్ధంగా ఉండాలి. రెండు కీలూ ఒకేసారి బటన్ దగ్గర ఉంటే తీగచుట్టకు ఏది మాట్లాడుతున్నదీ తెలియదు. బజర్ మళ్లీ మోగిందంటే కారు దాన్ని అంగీకరించినట్టే.

ఇతర తయారీదారుల దారులు వేరు. పాత నిస్సాన్ కార్లు చాలావాటిలో, తలుపులు, దీపాల వంటివాటిని నడిపే బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే పెట్టె మీది కోడ్ నుంచి వచ్చే 4 అంకెల పిన్ కావాలి. ఎన్నో ఫోర్డ్ మోడళ్లలో పనిచేసే కీలు రెండు ఉంటే మూడోదాన్ని ఏ పరికరం లేకుండానే చేర్చవచ్చు. బీఎండబ్ల్యూ వంటి వాటిలో కీ సమాచారాన్ని ముందే కీలో రాయాలి కాబట్టి వాటిని ఇంట్లో మొదలుపెట్టవద్దనే చెబుతాను.

నమోదైన కీల సంఖ్యను అదే మెనూలో చూడవచ్చు. వాడిన దిగుమతి కారు విషయంలో ఇది తప్పక చూడవలసిన అంకె, ఎందుకంటే చేతిలో రెండు కీలుండగా కారు మూడో, నాలుగో లెక్క చూపితే, ఆ మిగతావి ఎవరి దగ్గరున్నాయో మనకు తెలియదు. అలాంటప్పుడు చేతిలో ఉన్న ఒక కీని నిలిపి మిగతావన్నీ చెరిపేసి, రెండోదాన్ని మళ్లీ చేర్చుకోవడం మంచిది. ఆ తర్వాత ఒక్కో కీని విడివిడిగా పరీక్షించాలి: ఒకటి ఇంట్లో వదిలి, రెండోదానితో అన్ని తలుపుల పిడులూ, డిక్కీ, బటన్లూ చూసి, కారు స్టార్ట్ చేసి, చివరగా దాని బ్యాటరీ తీసేసి పవర్ బటన్‌కు ఆనించి మరోసారి స్టార్ట్ చేయాలి. కొత్త కీలోని ఇనుప కీ గాట్లు కోయకుండా వస్తుంది. పాతదాన్ని చూపి కోయించి, డ్రైవర్ తలుపు తాళంలో తిప్పి చూసేదాకా ఈ పని పూర్తి కాలేదనే అనుకోవాలి.