ఇంక్యుబేటర్‌లో కోడిపిల్ల పెంకు పొడిచి ఆగిపోతే చెయ్యి పెట్టాలా వద్దా? నా అనుభవం

కోడిగుడ్లు పొదిగే ఇంక్యుబేటర్ కొన్న కొత్తలో ఎవర్ని అడిగినా టెంపరేచర్ గురించే చెప్తారు. నిజానికి మొదటి 18 రోజులు పెద్ద కష్టమేం కాదు, అసలు టెన్షనంతా చివరి మూడు రోజుల్లోనే. పిల్ల లోపల్నుంచి ముక్కుతో పొడిచి పెంకుకి చిన్న పగులు పెడుతుంది, ఇంకేముంది వచ్చేస్తుందనుకుంటాం, తర్వాత గంటలు గంటలు ఏమీ జరగదు, అరుపు కూడా ఆగిపోతుంది. అప్పుడు చెయ్యి పెట్టాలా, ఊరుకోవాలా? ఈ మధ్యే మా ఇంట్లో ఒక బ్యాచ్ తీశాం, అందులో కొన్నిటి జోలికి పోలేదు, ఒకదాన్ని మాత్రం నేనే బయటికి తెచ్చా. ఏది చూసి ఏ నిర్ణయం తీసుకున్నానో అదే రాస్తున్నా.

గుడ్లు నల్గొండ దగ్గర ఊళ్లో మా నానమ్మ వాళ్లింటి నాటుకోళ్లవి. కిరాణా షాపు గుడ్లు పెట్టొచ్చా అని చాలామంది అడుగుతుంటారు, అవి పుంజు లేని ఫారం పెట్టలు పెట్టేవి, ఎన్ని రోజులుంచినా పిల్ల రాదు. ఊళ్లో చుట్టాలు లేకపోతే వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు చూసుకోవచ్చు, అవి మన రాజేంద్రనగర్ పౌల్ట్రీ రీసెర్చ్ డైరెక్టరేట్‌లో తయారైనవే. కోడి పెట్టి వారం దాటకుండా గుడ్లని మెషీన్‌లో పెట్టేయాలి, కారులో కుదుపులు తిని వచ్చినవైతే ముందు ఒక రోజంతా సన్న కొన కిందికి ఉండేలా ట్రేలో కదపకుండా ఉంచాలి.

మాది ఉప్పల్‌లో ఇండిపెండెంట్ ఇల్లు. ఏప్రిల్‌లో పెట్టాం కాబట్టి వేరే సమస్య, ఇంక్యుబేటర్ వేడి చేస్తుంది గానీ చల్లబరచలేదు కదా, పై అంతస్తు గదిలో పెడితే మధ్యాహ్నం గదే 38 దాటేస్తుంది, లోపల గుడ్లు ఉడికిపోతాయి. అందుకని కింద మధ్య గదిలో, కిటికీ లేని గోడవైపు పెట్టా. ఫ్యాన్ ఉన్న మెషీన్‌కి 37.5 డిగ్రీలు, ఫ్యాన్ లేకపోతే గుడ్డు పైభాగం దగ్గర కొలిచి 38.3 నుంచి 38.9 మధ్య. మెషీన్ మీద కనిపించే నంబర్ని నమ్మకుండా లోపల ఇంకో థర్మామీటర్ పెట్టి చూసుకోండి, ఎందుకంటే కొంచెం వేడెక్కువైతే 20వ రోజుకే పగుళ్లు మొదలవుతాయి, తక్కువైతే 22 దాటినా రావు, అప్పుడు మీ లెక్కలన్నీ తప్పుతాయి. తేమ మొదటి 18 రోజులు 45 నుంచి 55 శాతం. ఎండాకాలం హైదరాబాద్ గాలికి ట్రేలో నీళ్లు ఇట్టే ఆవిరైపోతాయి, పొద్దున పోసినవి సాయంత్రానికి ఉండవు. వంటింటి తూకం ఉంటే గుడ్డు బరువు కూడా చూడొచ్చు, 50 గ్రాముల గుడ్డు 18వ రోజుకి దాదాపు 44కి దిగాలి. మరీ ఎక్కువ తగ్గితే పెంకు లోపలి పొర బిగుసుకుంటుంది, తగ్గకపోతే గుడ్డు లావు వైపు ఉండే గాలి గది చిన్నదైపోయి పిల్లకి ఊపిరి తీసుకునే చోటు మిగలదు. కరెంటు పోతే భయపడక్కర్లేదు, మూత తియ్యకుండా దుప్పటి కప్పి ఉంచితే గంటా రెండు గంటలు తట్టుకుంటాయి. పెట్ట కూడా మేతకని లేచి వెళ్తుంది కదా.

ఏడో రోజు, పద్నాలుగో రోజు టార్చ్ కొట్టి చూసి వట్టి గుడ్లు తీసేశాం, ఆ సంగతి మీకు ఎక్కడైనా దొరుకుతుంది. 18వ రోజు నుంచి, అప్పటిదాకా తిప్పుతూ వచ్చిన గుడ్లని తిప్పడం ఆపి, తేమ 65–70కి పెంచి, ఇక మూత తియ్యొద్దు. మా ఇంట్లో అందరికీ ఇదే కష్టమైంది, మా పాపైతే పొద్దున లేవగానే అద్దానికి ముఖం ఆనించి కూర్చునేది. మూత తీసిన ప్రతిసారీ లోపలి తేమ ఒక్కసారిగా పడిపోతుంది, అప్పటికే పగులు పెట్టిన గుడ్డు ఉంటే ఆ సందులోంచి పొర ఎండిపోయి పిల్లకి అతుక్కుంటుంది. అంటే సాయం చేద్దామని ఊరికే మూత తీస్తూ ఉంటే, సాయం అవసరమయ్యే పరిస్థితి మనమే తెచ్చిపెట్టినట్టు.

ఇక పగులు పెట్టాక ఎందుకు ఆగుతుందో తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. పిల్ల మొదట లోపల గాలి గదిలోకి ముక్కు పెట్టి ఊపిరితిత్తులతో గాలి పీల్చడం మొదలుపెడుతుంది, అప్పుడే లోపల్నుంచి కీచుమనే అరుపు వినిపిస్తుంది. తర్వాత పెంకుకి బయటి పగులు పెడుతుంది. అప్పటికి పొర మీద రక్తనాళాల్లో ఇంకా రక్తం పారుతూనే ఉంటుంది, మిగిలిన పచ్చసొన కూడా పూర్తిగా కడుపులోకి వెళ్లి ఉండదు. ఆ రక్తం లోపలికి లాక్కోవడం, ఆ సొన బొడ్డులోంచి లోపలికి తీసుకోవడం, ఇదంతా ఆ నిశ్శబ్దంలోనే జరుగుతుంది, దీనికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. మనకేమో పిల్ల ఇరుక్కుపోయిందనిపిస్తుంది. ఆ టైములో పెంకు ఒలిస్తే రక్తం కారుతుంది, సొన బయటే ఉండిపోతుంది, అలాంటి పిల్ల బతకడం కష్టం.

మా గుడ్లకి పగుళ్లు వచ్చిన రాత్రి నానమ్మకి ఫోన్ చేశా. "గంత పరేషానెందుకు బిడ్డా, కోడి ఏనాడన్న గుడ్డు పలగ్గొట్టి పిల్లని బయటికి గుంజిందా? దాని టైముకు అదే వస్తది, నువ్వు పండుకో" అంది. ఇంకోటి కూడా చెప్పింది, పిల్లలు దిగే టైములో పెట్ట మేతకి కూడా గంపలోంచి లేవదంట. మనం మూత తియ్యకపోవడం కూడా అదే కదా అనిపించింది.

నేను చూసిన గుర్తులు ఇవి. టైము లెక్క 21వ రోజు నుంచి కాదు, పగులు కనబడ్డ గంట నుంచి పెట్టుకోవాలి, అద్దం మీద మార్కర్‌తో రాసుకున్నా. పగులు సందులోంచి కనిపించే పొర తెల్లగా, తడిగా ఉండి, పిల్ల అప్పుడప్పుడు ముక్కు కదుపుతూ ఉంటే అది విశ్రాంతే, దాని జోలికి పోనక్కర్లేదు. ఒకసారి గుండ్రంగా పెంకు కోసుకుంటూ తిరగడం మొదలుపెట్టిందంటే మామూలుగా కొన్ని గంటల్లో బయట పడుతుంది, మావి చాలావరకు అలాగే తెల్లారేలోపు వచ్చేశాయి. ముందు దిగినవాటికి మేత లేదని మూత తీసే పని లేదు, కడుపులోని సొనతో రెండు రోజులు హాయిగా ఉంటాయి.

ఒక గుడ్డు మాత్రం ఫ్యాన్ గాలి సూటిగా తగిలే మూలలో ఉంది. పగులు పెట్టి 24 గంటలు దాటింది, పగులు అంగుళంలో పావు వంతు కూడా పెరగలేదు, పొర ఎండిన ఉల్లిపొర లాగా గోధుమ రంగుకి తిరిగింది, అంతకుముందు గట్టిగా ఉన్న అరుపు సన్నబడుతోంది. ఇవన్నీ కలిసి కనిపించాకే చెయ్యి పెట్టా. ఒక్కటే ఉంటే పెట్టేదాన్ని కాదు.

బాత్రూంలో గీజర్ వేడి నీళ్లు బకెట్‌లోకి వదిలి, తలుపేసి, ఆవిరి పట్టాక గుడ్డుని గోరువెచ్చటి తడి గుడ్డలో చుట్టి తీసుకెళ్లా. చేతులు కడుక్కుని చిన్న ట్వీజర్‌తో పగులు చుట్టూ పెంకు మాత్రమే కొంచెం కొంచెం తీశా, పొరని ముట్టుకోలేదు. ఇయర్ బడ్ గోరువెచ్చటి నీళ్లలో ముంచి ముక్కు రంధ్రాల్లోకి పోకుండా పొర మీద అద్దితే అది పారదర్శకంగా అవుతుంది, అప్పుడు లోపలున్నదంతా కనిపిస్తుంది. సన్నగా ఎర్రటి నాళాలు కనిపించాయి. అంటే ఇంకా టైము ఉంది. అక్కడితో ఆపేసి, ముక్కు దగ్గర గాలి ఆడేలా వదిలి, తడి టిష్యూ చుట్టి మళ్లీ లోపల పెట్టేశా, ఈసారి ఫ్యాన్‌కి దూరంగా. మా ఆయన "మొదలుపెట్టాక మధ్యలో ఆపడమేంటి" అన్నారు గానీ ఆ ఎర్ర గీతలున్నంతసేపు ముందుకెళ్లకూడదు, ఇందులో వాదన లేదు.

కొన్ని గంటల తర్వాత మళ్లీ అలాగే తడిపి చూస్తే నాళాలు పోయాయి, పొర కింద ఈకలు, మూసిన కన్ను కనిపించాయి. అప్పుడు లావు వైపు టోపీలా ఉన్న పెంకు, పొర తీసేసి తలని విడిపించా, అంతే. కింది సగం పెంకు అలాగే వదిలేశా, ఎందుకంటే బొడ్డు దగ్గర సొన ఇంకా కొంచెం మిగిలి ఉంటే అది లోపలికి పోవాలి, పైగా కాళ్లతో తన్నుకుంటూ బయటికి రావడం పిల్లే చేసుకోవాలి. తెల్లారేసరికి పెంకు ఒక పక్క, అది ఒక పక్క పడున్నాయి.

ఇంకో గుడ్డుకి సన్న కొన వైపు పగులు వచ్చింది, అంటే పిల్ల తలకిందులుగా ఉందన్నమాట. అన్నిటికంటే ఎక్కువ భయపడింది దాని గురించే, కానీ పొర తడిగానే ఉంది, అరుపు గట్టిగా ఉంది, ఊరుకున్నా, దానంతట అదే వచ్చింది. పగులే పెట్టని రెండు గుడ్లని 23వ రోజు దాకా ఉంచి చూశాం, టార్చ్ కొడితే కదలిక లేదు. తెరిస్తే పూర్తిగా పెరిగిన పిల్లలే, సొన లోపలికి పోకముందే చనిపోయాయి. పాప ఏడ్చింది, పెరట్లో పాతిపెట్టాం.

పిల్లలు అమ్మేవాళ్లు, బ్రీడ్ పెంచేవాళ్లు అసలు సాయం చేయొద్దంటారు, బలహీనమైనవి మందలో మిగలకూడదని. వాళ్ల లెక్కలో అది కరెక్టే. ఇంట్లో పెంచుకోవడానికి నాలుగు పిల్లలు తీసేవాళ్లకి ఆ రూలు అంత అవసరం లేదని నా అభిప్రాయం, అయితే సాయంతో వచ్చిన పిల్లని తర్వాత గుడ్లకి, బ్రీడింగ్‌కి వాడకపోతే మంచిది.

సాయంతో వచ్చిన మా పిల్లకి కాళ్లు రెండూ పక్కలకి జారిపోతుండేవి, రెండు కాళ్ల మధ్య బ్యాండ్ ఎయిడ్ ముక్క కట్టి, బ్రూడర్‌లో (దిగిన పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె) న్యూస్‌పేపర్ తీసేసి గరుకు టవల్ వేశాక సర్దుకుంది. న్యూస్‌పేపర్ నున్నగా ఉండి జారుతుంది, మామూలు పిల్లలకి కూడా వెయ్యొద్దు. బ్రూడర్ మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి, మన ఎండాకాలంలో పగలు బల్బే అక్కర్లేదు. కొక్కెర తెగులుకి లసోటా టీకా చుక్క మొదటి వారంలోనే కంట్లో వేయించండి, కాకపోతే సీసాలో వందల డోసులు ఉంటాయి, తెరిస్తే దాచుకోవడానికి కుదరదు, మేం మా వీధి చివర కోళ్లు పెంచే వాళ్లతో కలిసి ఒకటే తెప్పించుకున్నాం.