కుషింగ్స్ ఆపరేషన్ తర్వాత షుగర్ దిగింది, ఓపిక రాలేదు

బీపీకి ఒక డాక్టరు, షుగర్‌కి ఒకరు, ముఖం ఉబ్బితే స్కిన్ డాక్టరు, ఇలా హైదరాబాద్ అంతా తిరిగాను. అందరూ చెప్పింది ఒకటే, అన్నం తగ్గించి నడవమని. ఉప్పల్ మెట్రో మెట్లు రెయిలింగ్ పట్టుకుని కూడా ఎక్కలేకపోతున్న దాన్ని, ఏం నడుస్తాను? పొట్ట మీద వంకాయ రంగు చారలు చూసి ఒక ఎండోక్రినాలజిస్ట్ (హార్మోన్ల డాక్టరు), "స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు, తెల్లబడే క్రీములు ఏమైనా వాడావా అమ్మా?" అని అడిగారు. కార్టిసాల్ అనే హార్మోన్, లేదా దానిలాంటి స్టెరాయిడ్ ఒంట్లో ఎక్కువైతే వచ్చే కుషింగ్స్ అనే జబ్బేమోనని ఆయన అనుమానం. ఎక్కువమందికి ఇది వాటివల్లే వస్తుందట. నేనేవీ వాడలేదు.

ఇక టెస్టులు. రాత్రి 11కి 1 మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేసుకుని పొద్దున 8కి రక్తం ఇస్తే కార్టిసాల్ 1.8 లోపుకి దిగాలి, నాది దిగలేదు. 24 గంటల మూత్రం పట్టిన క్యాన్‌ని ఫ్రిజ్‌లో పెడితే అత్తమ్మ ఒక్క మాట అనలేదు గానీ, పెరుగు గిన్నె మాత్రం పై అరకి ఎక్కించేసింది. చివరికి ఎంఆర్ఐలో, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ కనిపించింది, కార్టిసాల్‌ని పెంచుతున్నది అదే. కార్టిసాల్ ఎక్కువైతే లివర్ చక్కెర తయారుచేస్తూనే ఉంటుంది, ఇన్సులిన్ మాట ఒంట్లో చెల్లదు. పరగడుపున బాగానే ఉన్న షుగర్ మధ్యాహ్నం భోజనం తర్వాత ఎందుకు ఎగిరిపోయేదో అప్పుడు అర్థమైంది.

ముక్కులోంచి ఆపరేషన్ చేశారు. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అసలు కష్టమంతా ఆ తర్వాతే. షుగర్ ఎంత త్వరగా దిగిందంటే, పాత డోసులోనే ఇన్సులిన్ వేసుకుని ఉంటే కళ్లు తిరిగి పడిపోయేదాన్నే, రోజూ చూసుకుంటూ డాక్టరుకి చెప్పి తగ్గించాం. కానీ ఒళ్లంతా నొప్పులు, వికారం, పళ్లు తోముకుని వచ్చి మళ్లీ పడుకోవడమే. ఇన్నాళ్లూ గడ్డే హార్మోన్ వదులుతుంటే మిగతా పిట్యూటరీ పని మానేసి కూర్చుంది, అది మళ్లీ మొదలుపెట్టడానికి నెలలు, కొందరికి ఏడాది పైనే పడుతుంది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు "గడ్డ తీసేశారు కదా, ఇంకా పడుకోవడమేంటి?" అంటుంటే ఒళ్లు మండేది.

అప్పటిదాకా కార్టిసాల్‌కి బదులుగా వేసుకునే హైడ్రోకార్టిసోన్ మాత్రలే ఆధారం, పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. సొంతంగా ఆపేస్తే ప్రాణం మీదకొస్తుంది. జ్వరమొస్తే డోసు రెట్టింపు చేయమని రాసిచ్చారు, వాంతులై మాత్ర నిలవకపోతే ఆలస్యం చేయకుండా హాస్పిటల్లో ఇంజెక్షన్ వేయించుకోవాలి. ఆ చీటీ నా పర్సులో ఒకటి, మావారి ఫోన్‌లో ఒకటి.

ముఖం తగ్గింది, చారలు తెల్లబడ్డాయి, ఇన్సులిన్ ఆగిపోయింది. కొందరికి షుగర్ మిగిలిపోతుందట, నాకు బీపీ మాత్ర ఒకటి మిగిలింది. డెక్సా స్కాన్‌లో ఎముకలు పల్చబడ్డాయని తేలింది, అవి కోలుకోవడం నిదానం, కాల్షియం, విటమిన్ డి వాడుతున్నాను. హైడ్రోకార్టిసోన్ ఇప్పుడు పొద్దున మాత్ర ఒక్కటే ఉంది. మళ్లీ కార్టిసాల్ చూడాలట. ఆ రోజు మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి, ల్యాబ్ తలుపులు తీయకముందే వెళ్లి కూర్చుంటాను.