ఏడు మీటర్ల తేడా

ఈరోజు ఆదివారం, షాపు బంద్. ఐదున్నరకే లేచాను. మే నెలలో మా దగ్గర తొమ్మిది దాటిందంటే వాకిట్లో ఉన్న ఇనుప పైపును ఉత్త చేత్తో పట్టుకోలేం, వెల్డింగ్ పని ఏదున్నా పొద్దున్నే కావాలి. నేను లేచేసరికే అమ్మ సగం వాకిలి తీసేసుకుంది. మామిడికాయలు కడిగి, తుడిచి, పాత చీర పరిచి ఆరబెట్టింది, ఈరోజు తొక్కు పెట్టే రోజట. "నీ ఇనుప రజను ఒక్క రవ్వ పడ్డా ఏడాది తొక్కు ఖరాబైతది, నీ బండిని అవతలికి నూకు" అంది. నూకాను. వేపచెట్టు అవతల, గోడ పక్కన పెట్టి పని మొదలుపెట్టాను.

బండి అంటే ఇంకా బండి కాదు. నాలుగు నెలలుగా షాపు మూసేశాక రాత్రిళ్లు, ఆదివారాలు కలిపి చేస్తున్న మూడు చక్రాల బండి. పాత యమహా మోటార్ సైకిల్ ఆర్ఎక్స్ 100 ఇంజిను, అదే బండి ముందు ఫోర్కు, వెనక ఒకే ఒక్క ఇనుప షాఫ్ట్, దాని రెండు చివర్లా రెండు ఆటో చక్రాలు. ఆ చక్రాలు నాయిన ఆటోవి. పాత టూ స్ట్రోక్ బజాజ్, వరంగల్ స్టేషన్ నుంచి పోచమ్మ మైదాన్ మీదుగా హనుమకొండ చౌరస్తా దాకా ఇరవై ఆరేళ్లు తిరిగింది. దాన్ని తుక్కుకు ఇచ్చిన రోజు నాయిన వెనక చక్రాలు రెండూ, వాటి డ్రమ్ములూ విప్పి ఇంట్లో పెట్టుకున్నాడు. ఎందుకని అప్పుడు ఎవరూ అడగలేదు. ఈ జనవరిలో నేనే అడిగి తీసుకున్నాను.

దీని మీద మనసు పడింది పాత హోండా ఏటీసీ బండ్ల వల్ల. 1970లో హోండా అమెరికాలో యూఎస్ 90 అని ఒక మూడు చక్రాల బండి దించింది, తర్వాత దాని పేరు ఏటీసీ 90గా మారింది. స్ప్రింగులు లేవు, షాకబ్జర్లు లేవు, బుడగల్లాంటి లావు టైర్లే సస్పెన్షన్. పదేళ్లు తిరిగేసరికి అది రేసు బండి అయిపోయింది. 1981లో ఏటీసీ 250ఆర్, తర్వాత కవాసకి టెకాటే, 1985లో యమహా ట్రై జెడ్, అన్నీ 250 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్లే. ప్రమాదాలు ఎక్కువయ్యాయని 1988లో అక్కడి ప్రభుత్వానికీ కంపెనీలకూ ఒప్పందం కుదిరి కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగిపోయింది. మిగిలిన పాత వాటిని మనుషులు ఇప్పటికీ బాగుచేసుకుని, కిందికి దించి, వెనక వెడల్పు చేసి, మట్టి ట్రాకు మీద ఎడమకే తిప్పుతూ పందెం వేస్తారు. ఫ్లాట్ ట్రాక్ అంటే అదే, కోడిగుడ్డు ఆకారంలో చదునైన మట్టి దారి, అన్నీ ఎడమ మలుపులే. ఆ వీడియోలు చూస్తుంటే నాకు కనిపించింది ఒక్కటే, వెనక చక్రాలు రెండూ జారుతుంటాయి, ముందు చక్రం కుడికి తిరిగి ఉంటుంది, బండి మాత్రం ఎడమకు పోతుంటుంది. అది చూశాక నిద్ర పట్టలేదు. ఆ బండి ఇక్కడ దొరకదు, దొరికినా నా వల్ల కాదు. కానీ ఆర్ఎక్స్ 100 దొరుకుతుంది. 98 సీసీ, పదకొండు హార్స్ పవర్, 1985 నుంచి 1996 దాకా వచ్చిన ఇంజిను, మా వైపు ఏ మెకానిక్‌కైనా కళ్లు మూసుకుని విప్పడం వచ్చిన ఇంజిను. ఫ్రేము తుప్పు పట్టి మూలన పడ్డ బండి ఒకటి కొని, ఇంజిను బోర్ చేయించి, కొత్త పిస్టన్ వేశాను. అది ఫిబ్రవరిలోనే అయిపోయింది. ఇంజిను నాకు రోజూ చేసే పనే, కష్టమంతా వెనక షాఫ్ట్ దగ్గరే.

ముప్పై ఎంఎం షాఫ్ట్, ఈఎన్ 8 అనే రకం ఉక్కు, రెండు ప్లమ్మర్ బ్లాకుల మీద, అంటే ఫ్రేముకు బిగించే బేరింగు దిమ్మెల మీద కూర్చుంటుంది. మధ్యలో స్ప్రాకెట్ (చైను తిప్పే పళ్ల చక్రం) బిగించే హబ్, దాని పక్కన పల్సర్ బండి డిస్కు బ్రేకు ఒకటి, అదే బండి మొత్తానికి బ్రేకు. షాఫ్టూ హబ్బూ లేత్ చాచా దగ్గర చేయించాను, ఆయన పనికి వంక పెట్టలేం. తప్పు నాది. పోయిన వారం స్ప్రాకెట్ ప్లేటును హబ్‌కు వెల్డింగ్ చేసేటప్పుడు తొందరలో ఒక పక్క నుంచి మొదలుపెట్టి చుట్టూ ఒకే ఊపులో లాగేశాను. వెల్డింగ్ చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంటుంది, ఏ వైపు ముందు ముడుచుకుంటే ప్లేటు ఆ వైపు లాగేస్తుంది. బిగించి తిప్పితే స్ప్రాకెట్ అటూ ఇటూ ఊగుతోంది, చైను ఒక చోట వదులు, ఇంకో చోట తీగలా బిగుసుకుంటోంది. ఇలాగే నడిపితే చైను తెగి కాళ్ల మీదికి వస్తుంది. వారమంతా దాని మీదే టెన్షన్.

అందుకే ఈరోజు పొద్దున మొదటి పని గ్రైండర్‌తో ఆ వెల్డింగ్ మొత్తం కోసేయడం. గంటన్నర పట్టింది. తర్వాత ప్లేటును మళ్లీ కూర్చోబెట్టి, ఒక ఇనుప తీగను ప్లమ్మర్ బ్లాకుకు కట్టి దాని మొన స్ప్రాకెట్ పళ్లకు వెంట్రుక దూరంలో ఉంచి, మెల్లగా తిప్పుతూ, ఎక్కడ తగిలితే అక్కడ సుత్తితో చిన్నగా తట్టుతూ, తగలకుండా ఒక చుట్టు తిరిగాకే టాకా, అంటే చిన్న చుక్క వెల్డింగ్ వేశాను. ఒక టాకా ఇటు, రెండోది దానికి సరిగ్గా ఎదురుగా, తర్వాత మిగతా రెండు వైపులా. ప్రతి టాకాకూ ఆగి చల్లారనిచ్చి మళ్లీ తీగతో చూశాను. ఇలా ఎదురెదురుగా అంగుళం అంగుళం వేసుకుంటూ పోతే పూర్తయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. తిప్పి చూస్తే తీగకూ పళ్లకూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉంది. ఎంత హాయిగా అనిపించిందో. ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది, అమ్మ ఆవపిండి కలుపుతోంది, నాయిన చాయ్ తాగుతున్నాడు. నాయినను పిలిచాను.

నాయిన వచ్చి కూర్చుని చక్రం ఒకటి చేత్తో తిప్పాడు. ఒకటి తిప్పితే రెండోదీ తిరిగింది. మళ్లీ తిప్పాడు. "రెండూ ఒక్కటే రాడ్డుకు బిగించినవ్. ఇది తిరగదు బిడ్డా, సీదా పోతది" అన్నాడు. ఆయన మాట నిజమే. ఆటోకు డిఫరెన్షియల్ ఉంటుంది, మలుపులో లోపలి చక్రం మెల్లగా, బయటి చక్రం జోరుగా తిరగనిస్తుంది, అది లేకపోతే ఆటో మలుపు తీసుకోదు. కానీ ఏటీసీ బండ్లన్నిటికీ వెనక ఇలాంటి ఒకే షాఫ్ట్ ఉంటుంది, కావాలనే. ఎంత చెప్పినా ఆయనకు ఒప్పుకోబుద్ధి కాలేదు, మాటలతో కాదని సుద్దముక్క, తాడు తెచ్చాను.

మేకు పాతి రెండు మీటర్ల తాడుతో ఒక గుండ్రం గీశాను, అది ఎడమ చక్రం దారి. మా చక్రాల మధ్య దూరం మీటరు పది సెంటీమీటర్లు, కాబట్టి మూడు మీటర్ల పది తాడుతో ఇంకో గుండ్రం, అది కుడి చక్రం దారి. రెండిటి మీదా టేపు పరిచి కొలిచాం. లోపలిది పన్నెండున్నర మీటర్లు, బయటిది పంతొమ్మిదిన్నర. ఒక్క చుట్టుకు ఏడు మీటర్ల తేడా. "మరి పెద్ద ట్రాకు అయితే తేడా ఇంకా పెద్దగ ఉంటది గద" అన్నాడు. ఉండదు. ఎంత పెద్ద గుండ్రమైనా, గుడ్డు ఆకారమైనా, ఒక పూర్తి చుట్టుకు తేడా అంతే, ఎందుకంటే అది చక్రాల మధ్య దూరాన్ని రెండు పైలతో (పై అంటే సుమారు 3.14) గుణిస్తే వచ్చేది, గుండ్రం సైజు అందులో లేనే లేదు. ఆయన నమ్మలేదు. వెనక ఖాళీ ప్లాటులోకి పోయి ఐదు మీటర్ల తాడుతో మళ్లీ గీశాం, ఆ ఎండలో, తలకు తువ్వాలలు చుట్టుకుని. ముప్పై ఒకటిన్నర, ముప్పై ఎనిమిదిన్నర కంటే ఒకింత తక్కువ. మళ్లీ ఏడు. నాయిన టేపు చివర పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. "ఇరవై ఆరేండ్లు నడిపిన, చౌరస్తా తిరిగినా, గల్లీల తిరిగినా ఒక్కటే తేడా అని ఎర్కనే లేదు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో ఉన్న సంతోషం కోసమైనా ఈ బండి చేయొచ్చు.

ఆ ఏడు మీటర్లు ఎక్కడికో పోవాలి కదా. కొంత టైర్లలో పోతుంది, కుడి టైరు ఎడమ టైరు కంటే పెద్దదిగా వేస్తే బండి తనంతట తానే ఎడమకు తిరుగుతుంది. పదిహేను మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపుకు లెక్క వేస్తే రెండు టైర్ల చుట్టుకొలతలో పది సెంటీమీటర్ల తేడా కావాలి. మా దగ్గర అంత లేదు. ఎడమకు అరిగిన టైరు, కుడికి కొత్తది, రెండూ 4.00-8 సైజే. సుద్దగీత పెట్టి దొర్లించి కొలిస్తే 129, 131.5 సెంటీమీటర్లు వచ్చాయి. కుడి దాంట్లో గాలి పెంచితే 132. మిగతాదంతా మట్టి మీద జారి తీరాలి. అందుకే దీన్ని తారు రోడ్డు మీద నడపకూడదు, నడపను కూడా, ట్రాలీ మీదే పోతుంది. ధర్మసాగర్ వైపు మామ వాళ్ల ఎర్ర చెలక ఉంది, రెండేళ్లుగా బీడు, పోయిన వారమే ట్రాక్టరుతో చదును చేయించి సున్నంతో ట్రాకు గీశాం. ఎర్ర మట్టి నీళ్లు చల్లి నాలుగు చుట్లు తిరిగితే లోపలి దారి గట్టిపడి నల్లబడుతుంది, బయట మెత్తటి దుమ్ము మిగులుతుంది, మనకు కావలసింది రెండూ.

మధ్యాహ్నం తొక్కు కలిపిన బేసిన్‌లోనే అమ్మ వేడి అన్నం కలిపి ముద్దలు పెట్టింది. తిని రెండు గంటలు పడుకున్నాం.

సాయంత్రం నాయిన తనే పిలిచాడు. ఆయనకు భయం వేరే ఉంది, అది షాఫ్ట్ గురించి కాదు. మూడు చక్రాల బండి ఎలా పడుతుందో ఆయన కళ్లారా చూశాడు. "మలుపులో బ్రేకు పడితే బరువు ముందలికి పోతది, ముందల ఒక్కటే చక్రం, అక్కడ ఆసరా లేదు, పక్కకు ఒరిగిపోతది. ఏం తగ్గించినా మలుపుకు ముందే తగ్గించాలె." నేను ఇంతకుముందు చదివిన లెక్క కూడా అదే చెబుతుంది, ఎడమ మలుపులో బండి బోర్లాపడేది ముందు చక్రం నుంచి కుడి వెనక చక్రానికి గీసిన గీత మీదుగా, బరువు ఎంత వెనక్కి ఉంటే ఆ గీతకు అంత దూరం, ఎంత కిందికి ఉంటే పడటం అంత కష్టం. అమెరికాలో ఫ్లాట్ ట్రాక్ మోటార్ సైకిళ్లకు 1960ల చివరిదాకా బ్రేకులే ఉండేవి కావు, ఇప్పటికీ ముందు బ్రేకు పెట్టరు. ముందు డ్రమ్ముకు కేబుల్ వేయాలా వద్దా అని నెలగా ఊగిసలాడుతున్నాను, ఈరోజు తేలిపోయింది. వేయను.

తర్వాత అడిగాడు, "కాలు కింద పెడ్తవా?" రెండు చక్రాల వాళ్లు ఎడమ బూటుకు ఇనుప తొడుగు వేసుకుని కాలు నేలకు ఆనిస్తారు. దీని మీద అలా చేస్తే వెనక చక్రం ఆ కాలు మీదికే ఎక్కుతుంది. కాళ్లు రెండూ ఫుట్ రెస్టుల మీదే ఉండాలి, ఒళ్లు ఎడమకు వంచి, బరువు మాత్రం కుడి కాలి మీద వేయాలి, అప్పుడు లోపలి చక్రం తేలికై జారుతుంది. కాలు జారకుండా రెండు వైపులా అడ్డంగా పైపులు వెల్డ్ చేయమన్నాడు. చేస్తాను, అవి లేకుండా చెలక దాకా తీసుకుపోను.

మాటలతో తృప్తి పడలేదు ఆయన. ఎడమ వెనక చక్రానికి మోకు కట్టి, వేపకొమ్మ మీదుగా వేసి, నన్ను సీటు మీద కూర్చోమన్నాడు. పక్కింటి తమ్ముడు, నాయిన కలిసి లాగారు, అవతలి వైపు ఇసుక బస్తాలు పెట్టుకున్నాం. చక్రం నేల నుంచి యాభై సెంటీమీటర్లు లేచేసరికి బండి ఇటా అటా అన్నట్టు ఆగింది, ఇంకొంచెం లాగితే పడేదే. దించి, సీటును ఒక జానెడు వెనక్కి జరిపి కట్టి మళ్లీ లాగారు. ఈసారి ఇంకో నాలుగు వేళ్లు పైకి వెళ్లాక ఆగింది. నన్ను ఎడమకు వేలాడమన్నాడు, వేలాడితే ఇంకా పైకి పోయింది. మోకు పట్టుకున్న నాయిన చేతులు వణుకుతున్నాయి, వదలలేదు. అమ్మ గడప దగ్గర నిలబడి జాడీ మూతకు గుడ్డ కడుతూ ఇటే చూస్తోంది, ఒక్క మాటా అనలేదు.

దించాక నాయిన సుద్దముక్క తీసుకుని సీటు ఉన్న చోట ఫ్రేము మీద రెండు గీతలు గీశాడు. రేపు షాపు తెరిచే ముందు ఆ గీతల మీద రంధ్రాలు వేయాలి. పది ఎంఎం బిట్టు మొద్దుబారింది, కొత్తది కొనాలి. అడ్డపైపులకు ముప్పావు అంగుళం పైపు మూడు మీటర్లు కావాలి.