మాట ట్రేలో, మనిషి గేటులో

థెరపీ ముగించుకుని నిన్ననే ఇల్లు చేరాం. సంచులు ఇంకా విప్పలేదు. కోపం చల్లారితే మరీ మర్యాదగా రాస్తానని ఇప్పుడే కూర్చున్నాను.

మావాడికి 15 ఏళ్లు. ఆటిజం. నోటితో మాట దాదాపు రాదు. ట్యాబ్లెట్‌లో బొమ్మలూ పదాలూ నొక్కితే అది పలుకుతుంది, అదే వాడి మాట. చదువు, లెక్కలు, తన పనులు తాను వరుసగా చేసుకోవడం నేర్పే శిక్షణ ఒకటి దూరాన ఉందని తెలిసింది. కొన్ని వారాలు, రోజంతా, ఒక్కో పిల్లవాడికి ఒక్కో టీచర్. సీటు, సెలవు, టికెట్లు సులువుగానే కుదిరాయి. విమానంలోనూ చిక్కు లేదు. కిటికీ సీటు, శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు, దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేయకుండా నమలడానికి ఏదో ఒకటి ఉంటే చాలు.

నరకం చూపించింది భద్రతా తనిఖీ.

ఆటిజం గురించి 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు రాసిన వ్యాసంలోనే, ఏదీ మారకూడదనే ఈ పిల్లల పట్టుదల గురించి ఉంది. అందుకే ముందు నుంచీ ఫొటోలు వరుసగా పేర్చి చూపించాను: ఇది క్యూ, ఇది ట్రే, ఇది గేటు. మావాడు బుద్ధిగా బెల్టు తీశాడు, సంచి పెట్టాడు. అప్పుడు ట్యాబ్లెట్ కూడా పెట్టమన్నారు. పెట్టాడు. గేటు కూత పెట్టింది. మగపిల్లవాడు కాబట్టి మగ అధికారే తడిమి చూడాలి, నేను గీతకు ఇవతలే ఆగాలి.

"నీ పేరేమిటి? జేబులో ఏముంది?"

మావాడు ఎక్స్‌రే యంత్రం వైపు చూపించాడు. సరైన జవాబే అది. అధికారికి మాత్రం అనుమానం పెరిగింది. "మాట్లాడవేం?" అని గద్దించాడు. "సార్, వాడి మాట ఆ పెట్టెలో ఉంది, ముందు అది ఇవ్వండి" అని ఇవతలి నుంచి అరిచాను. వేళాకోళం చేస్తున్నాననుకున్నాడు. "చూడటానికి బాగానే ఉన్నాడుగా" అంటూ, చెప్పాపెట్టకుండా నడుము మీద చెయ్యి వేశాడు. మావాడికి గట్టిగా పట్టుకుంటే ఫరవాలేదు, పైపైన తాకితే భరించలేడు. చెవులు మూసుకుని నేల మీద కూలబడిపోయాడు.

వెనక క్యూలోంచి ఎవరో మహానుభావురాలు "ఇంత పెద్దవాణ్ని ఇలాగా పెంచేది?" అంది. పై అధికారి వచ్చి, వాడి ఎదుటే నన్ను అడిగాడు: "వీడు కొడతాడా?"

మావాడికి ప్రతి మాటా అర్థమవుతుంది. అయిదేళ్లప్పుడు ఇలాగే కూలబడితే అయ్యో పాపం అని చాక్లెట్ ఇచ్చిన లోకమే, మీసం మొలిచేసరికి రెండడుగులు వెనక్కి వేస్తోంది. పిల్లవాడు అదే పిల్లవాడు. శబ్దాలకూ స్పర్శకూ విపరీతంగా స్పందించడం 2013 నుంచి ఆటిజం నిర్ధారణ ప్రమాణాల్లోనే ఉంది. తనిఖీ శిక్షణలో ఆ ఒక్క పేజీ చదివిస్తే ఏం పోయింది?

పొద్దుతిరుగుడు పూల పట్టీ మెడలో లేదా అని అడుగుతారేమో, ఉంది. బయటికి కనిపించని వైకల్యాలకు గుర్తుగా 2016లో లండన్‌లోని గాట్విక్ విమానాశ్రయంలో మొదలైన ఆ పట్టీని చాలాచోట్ల గుర్తిస్తారు. మాకు తగిలినాయన అలంకారమనుకున్నాడు. పట్టీని నమ్ముకుని ఊరుకోకండి. టికెట్ కొన్నప్పుడే 'డీపీఎన్‌ఏ' అనే సహాయ కోడ్ వేయమని విమాన సంస్థను అడగండి. మేధోపరమైన, ఎదుగుదలపరమైన వైకల్యాలున్న ప్రయాణికులకు వాడే కోడ్ అది. ఫోనులో "సరే మేడమ్" అంటే నమ్మకండి, రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక శిక్షణ సంగతి. టీచర్లు బంగారం. శిక్షణ నడిపే పెద్దావిడతోనే నాకు పడలేదు. ఒక బల్ల దగ్గర ఒక మనిషితో నేర్చుకున్నది ఇంకోచోట చేసి చూపడమే ఈ పిల్లలకు అసలు కష్టం. అందుకని తనిఖీనే పాఠంగా చెప్పమన్నాను. "అది మా ప్రణాళికలో లేదు" అంది. అయితే మార్చండి అన్నాను. రోజూ అడిగాను, ఆమెకే విసుగు పుట్టింది. చివరికి నడవలో రెండు కుర్చీలతో గేటు కట్టి, రోజుకో కొత్త మనిషిని నిలబెట్టి చేతులు చాచడం నేర్పారు. ఆ ఆలోచన నాదేనని ఇక్కడ చెప్పుకోకపోతే ఇంకెక్కడా చెప్పుకోలేను.

తిరుగు ప్రయాణంలో ట్యాబ్లెట్‌ను ముందుగా పరీక్షించమని అడిగాను. గుడ్డముక్కతో తుడిచి, పేలుడు పదార్థాల జాడ లేదని చూసి, మావాడి చేతికే ఇచ్చారు. ఆ తర్వాతే ప్రశ్నలు. మావాడు పేరు నొక్కాడు. తడుముతుంటే "ఇక చాలు" కూడా నొక్కాడు. ఆ అధికారి నవ్వి నిజంగానే ఆపాడు.

మొదటి విమానాశ్రయానికి ఫిర్యాదు పంపితే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని జవాబు వచ్చింది. మాట్లాడే పరికరాన్ని మనిషి దగ్గరినుంచి తీసుకున్నాక ప్రశ్నలు వేయవచ్చా అన్నది నేనడిగిన ప్రశ్న. దానికి అందులో జవాబు లేదు. ఈ ఉదయం మళ్ళీ పంపాను.